రెండో నోరు

మా అక్కకి నేను చెప్పిన ఒక అబద్ధం గురించి రాస్తున్నాను. పెద్దదేమీ కాదు. "అడుగుతుందిలే అక్కా" అన్నాను, అంతే. ఆ మాటన్న పన్నెండో రోజున, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడి తన భర్త లోపలే ఉన్నాడని గొంతు పోయేలా అరుస్తున్న ఒకావిడని నేను ఇంటికి పంపించేశాను. అప్పుడు ఆమె మొహం కూడా నేను చూడలేదు. ఆ సమయానికి మా ఇంట్లో అక్క కంట్లో చుక్కల మందు వేస్తున్నాను. అయినా ఆమెను పంపింది నేనే.

మొదటినుంచీ చెప్పకపోతే ఇది అర్థం కాదు.

అక్క ముప్పై ఒక్కేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. గొంతు వింటే చాలు, ఫలానా వీధిలో ఫలానా ఇంటాయన అని చెప్పేసేది. రిటైరయ్యాక చేతులు ముడుచుకుని కూర్చోలేక ఊరి వార్తలతో ఒక బ్లాగు మొదలుపెట్టింది. దానికి మంచి పేరే పెట్టుకుంది గానీ ఆ పేరు ఎవరి నోటా రాదు, అందరికీ అది అక్క బ్లాగు. నేను ప్రూఫ్‌రీడర్ని. పనిచేస్తున్న ప్రెస్సు మూతపడ్డాక అక్క దగ్గరికి చేరాను. ఆవిడ రాసింది దిద్దడం, ఫొటోలు పెట్టడం, ఆవిడ చేత చీవాట్లు తినడం నా ఉద్యోగం. మూడోదానికి సెలవులు లేవు.

బ్లాగుకి అక్క పెట్టుకున్న నియమం ఒక్కటే. ఏ వార్తయినా రెండు నోళ్ల నుంచి వినాలి. ఆ రెండు నోళ్లూ ఒకరి దగ్గర ఒకరు విని ఉండకూడదు. ఒకసారి పాత హెడ్మాస్టరు పోయారని పొద్దున పది గంటలకల్లా పదకొండు మంది ఫోన్ చేశారు. నేను నల్ల అంచు కట్టిన ఫొటో కూడా తయారుచేసి పెట్టుకున్నాను. అక్క మాత్రం ఒక్కొక్కరినీ "నీకెవరు చెప్పారు?" అని అడుగుతూ పోయింది. పదకొండు మందీ తిరిగి తిరిగి ఒకే సెలూన్ దగ్గర తేలారు. "ఇవి పదకొండు నోళ్లు కాదురా. ఒక నోరూ, పది చెవులూ" అని తనే ఆ ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది హెడ్మాస్టరే. కునుకు తీస్తుంటే లేపావంటూ ఆయన అక్కని చెడామడా తిట్టారు. ఆ తిట్లన్నీ అక్క స్పీకర్లో పెట్టి నాకు వినిపించింది. నేను తలవంచుకుని ఆ ఫొటో చెరిపేశాను.

రోజూ ఆరున్నరకి ఆవిడ ఫోన్ దగ్గర కూర్చునేది. ఆసుపత్రి రిసెప్షను, అంబులెన్స్ డ్రైవరు, నీళ్ల ట్యాంకు ఆపరేటరు, బస్సు డిపో కంట్రోలరు, కూరగాయల మార్కెట్ గుమాస్తా. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర సరిచూసుకునేది. ప్రతి వార్త కిందా ఒక వరుస ఉండేది. "చెప్పినవాళ్లు: అంబులెన్స్ డ్రైవరు, గాయపడినతని తమ్ముడు." అలాగన్నమాట. జనం ముందు ఆ వరుస చూసి, ఆ తర్వాతే వార్త చదివేవాళ్లు. "అక్క బ్లాగులో వచ్చిందా?" అని అడిగి, వచ్చిందంటేనే నమ్మే ఇళ్లు చాలా ఉన్నాయి. నాకు అందులో కొంచెం గర్వం ఉండేది. చేసేది ఆవిడ, గర్వం నాది.

ఈ మధ్య అక్క కుడికంటి లోపలి పొర ఊడింది. ఆపరేషన్ చేసి, కంట్లో గాలి బుడగ పెట్టారు. పొర అతుక్కునేదాకా బోర్లా పడుకుని ఉండాలన్నారు. తినడానికీ చుక్కలు వేయించుకోవడానికీ తప్ప తల ఎత్తకూడదు. తెర వంక అసలే చూడకూడదు. మంచం చివర దిండు మీద నుదురు ఆనించుకుని, మొహం కిందికి వేలాడేసి, అక్క నేలతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. నేలమీద ఉన్న నా కాళ్లే ఆవిడకి కనిపించేవి. నేను అబద్ధం చెబితే మొహం చూసి పట్టేసే మనిషికి, ఆ రోజుల్లో నా మొహం లేదు.

పొద్దుటి ఫోన్లు నేను చేయబోయాను. నాకు ఆ విద్య రాదు. నేను హలో అంటే అవతలివాళ్లు ఏదో బ్యాంకు ఫోననుకుని పెట్టేస్తారు. పెట్టనివాళ్లు అక్క ఆరోగ్యం గురించి అరగంట అడిగి, వార్త చెప్పడం మరిచిపోతారు. మూడు రోజులు బ్లాగు ఖాళీగా ఉంది. నాలుగో రోజు ఫీడ్ల మీద పడ్డాను.

వార్తల సైట్లకి ఒక్కోదానికీ ఒక ఫీడు ఉంటుంది. సైట్లో కొత్త వార్త పెట్టగానే దాని శీర్షిక, నాలుగు వాక్యాలు ఆ ఫీడులోకి వచ్చి పడతాయి. కావలసినవాళ్లు తమ సైటుకి ఆ ఫీడు కలుపుకుంటే, కుళాయి తిప్పినట్టే, వార్తలు వాటంతటవే వస్తాయి. ఇలాంటివి నలభై ఒకటి ఏరి కలిపాను. మా ఊరి పేరు, పక్క ఊళ్ల పేర్లు ఉన్నవి మాత్రమే తీసుకోమన్నాను. అక్క నియమం కూడా అందులో పెట్టాను. ఒకే వార్త రెండు వేర్వేరు ఫీడ్లలో రెండు గంటల లోపు కనిపిస్తేనే బ్లాగులో పెట్టాలి, కింద "చెప్పినవాళ్లు" అని ఆ రెండు సైట్ల పేర్లూ వేయాలి. మొదటిరోజే పధ్నాలుగు వార్తలు పెట్టింది. అక్క ఏనాడూ ఏడు దాటలేదు.

అవన్నీ అక్కకి చదివి వినిపించాను. ఆవిడ నేలవైపు చూస్తూనే విన్నది.

"బాగానే ఉందిరా. ఒక్కటి చెప్పు. వాళ్లు ఎవరి దగ్గర విన్నారో నీ యంత్రం అడుగుతుందా?"

అడగదు. నాకు తెలుసు. అది పేర్లు లెక్కపెడుతుంది, అంతే. కానీ అప్పటికి నాలుగు రోజులుగా నిద్రలేదు, వంట నాదే, చుక్కలు నావే, మళ్లీ మొదటికి వచ్చే ఓపిక లేదు.

"అడుగుతుందిలే అక్కా" అన్నాను.

తమ్ముడి మాట కదా, ఆవిడ రెండో నోరు అడగలేదు.

నేను ఇంకొకటి కూడా చేశాను. పేజీ పైన ఒక పట్టీ పెట్టాను, "ఇప్పుడే విన్నది" అని. ఒక్కరే చెప్పిన మాటలు అందులో వేసేవాణ్ణి. ఖాయం చేసుకున్నాక వార్తగా రాద్దామని నా ఉద్దేశం. అక్క వింటే ఒప్పుకోదని తెలిసి ఆవిడకి చెప్పలేదు. మా బ్లాగుకీ ఒక ఫీడు ఉందనీ, పట్టీలో వేసింది కూడా అందులోంచి బయటికి పోతుందనీ నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు అక్షరం తేడా రాకుండా దిద్దినవాణ్ణి, తట్టలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకి కోల్డ్ స్టోరేజీలో బస్తాల ర్యాకులు కూలాయి. ఒక ర్యాకు ఒరిగి పక్కదాని మీద పడి, వరుసంతా అలాగే పోయింది. మొదటి గదిలో అమ్మోనియా పైపు పగిలింది. కళ్లు మండించే ఆ గాలి వీధి మలుపు దాకా వచ్చింది. ఫైరింజన్ వాళ్లు ముసుగులు తగిలించుకుని లోపలికి వెళ్లి మనుషుల్ని బయటికి తెచ్చారు. మేనేజరు రిజిస్టరు తీసి చూపించాడు. డ్యూటీలో ఆరుగురు. బయటికొచ్చింది ఆరుగురు. సరిపోయింది.

సరిపోలేదని చెప్పింది ఒక్క మనిషే. బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి డ్రైవరు భార్య. ఆ డ్రైవరుని అక్కడ అందరూ స్వెటరు అని పిలిచేవారట, ఎండాకాలంలో కూడా ఇంటినుంచే స్వెటరు తొడుక్కుని వచ్చేవాడని. ఆ రోజు అతనికి సెలవు. తోటి డ్రైవరు ఊరికి వెళ్లాలంటే అతని బదులు వచ్చాడు. రిజిస్టరులో ఆ తోటి డ్రైవరు పేరు కొట్టేశారు గానీ ఇతని పేరు ఎవరూ రాయలేదు. ఆ తోటి డ్రైవరేమో రైల్లో ఉన్నాడు, ఫోన్ కలవదు. "ఆరుగురు కాదు, ఏడుగురు" అని ఆమె గేటు పట్టుకుని అరుస్తూనే ఉంది. గ్యాసు పలచబడ్డాక ఆరింటికి మళ్లీ లోపలికెళ్లి మూడు గదులూ చూస్తామని ఫైర్ ఆఫీసరు ఆమెకి చెప్పాడు. మేనేజరు అక్కర్లేదంటున్నా, ఆమె అక్కడ ఉన్నంతసేపూ ఫైర్ ఆఫీసరు సరే అనలేదు.

నాలుగున్నరకి నాకు కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "ఏడుగురూ బయటికొచ్చేశారు సార్. ఒకతని చేతికి దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లారు." అతను అబద్ధమాడలేదు. లోపలి నుంచి బయటికొచ్చినవాళ్లని ఏడుగురినే లెక్కపెట్టాడు. ఏడోవాడు సరుకు దింపడానికొచ్చి, అప్పుడే లోపలికి తొంగిచూసిన లారీ డ్రైవరని తర్వాత తెలిసింది. ఒక్క నోరే కాబట్టి నేను వార్త రాయలేదు. పట్టీలో వేశాను: "ఇప్పుడే విన్నది: ఏడుగురూ క్షేమం. ఒకరు ఆసుపత్రిలో." నియమం తప్పలేదనే అనుకున్నాను.

నాలుగూ యాభై రెండుకి ఒక పెద్ద సైటు దాన్ని మా ఫీడులోంచి ఎత్తుకుంది. "విన్నది" అన్న మాట తీసేసింది. ఐదూ నాలుగుకి ఇంకో సైటు మొదటి సైటు నుంచి తీసుకుంది. ఆ రెండూ నా నలభై ఒకటిలో ఉన్నవే. ఐదూ పదికి నా యంత్రం రెండు పేర్లు చూసి, బ్లాగులో వార్త పెట్టేసింది. "కోల్డ్ స్టోరేజీ ప్రమాదం: ఏడుగురూ క్షేమం." కింద, చెప్పినవాళ్లు ఇద్దరు.

చుక్కలు వేసి చేతులు కడుక్కుని వచ్చి అది చూశాను. సంతోషించాను. "అక్కా, అందరూ బయటపడ్డారు. ఇద్దరు చెప్పారు" అన్నాను. "పోనీలే, చల్లటి మాట చెప్పావు" అంది అక్క.

గేటు దగ్గర ఎవరో తన ఫోన్లో ఆ వార్త ఆమెకి చూపించారు. ఆమె అరుస్తున్నదీ ఏడే, అందులో ఉన్నదీ ఏడే. మేనేజరు కూడా ఫైర్ ఆఫీసరుకి అదే చూపించాడు. ఆమె ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ చేతికి కట్టు కట్టి ఒకతన్ని పంపేశామన్నారు. నడిచి ఇంటికి వస్తుంటాడనుకుని ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర ఇక అడిగేవాళ్లు లేరు. గ్యాసుకి ఇద్దరిని కాపలా పెట్టి, మిగతా ఫైరింజన్ వాళ్లు వెళ్లిపోయారు.

ఎనిమిదిన్నరకి ఆమె మళ్లీ గేటు దగ్గరికి వచ్చింది. కాపలా ఉన్న ఇద్దరూ మిగతావాళ్లని వెనక్కి పిలిపించారు. పదింటికి అతను దొరికాడు. మూడో గదిలో. ఆ గది తలుపు మూసుకుపోయి ఉంది కాబట్టి గ్యాసు లోపలికి రాలేదు. బండి మీదున్న ఇనుప చట్రం బస్తాల్ని ఆపింది. కాలు మాత్రం ఇరుక్కుంది. చలికి పోయాడు. బండి లైటు స్విచ్ వేసే ఉంది, బ్యాటరీ అయిపోయింది. స్వెటరు ఉండబట్టి అంతసేపు ఉన్నాడనీ, ప్రాణం పోయి గంటన్నరకి మించి ఉండదనీ డాక్టరు అన్నాడు.

ఆ మర్నాడు నలభై ఒక్క ఫీడ్లూ ఆ వార్తతో నిండిపోయాయి. మేనేజర్ని పట్టుకెళ్లారు. రిజిస్టరు గురించి అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. బ్లాగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదూ పదికి మేం పెట్టిన వార్త కింద "తర్వాత అందిన సమాచారం ప్రకారం" అని ఒక ముక్క కలిపి ఊరుకున్నాను.

మూడోరోజు అక్క అడిగింది. "ఆ ఏడుగురి వార్త మళ్లీ చదువు."

చదివాను.

"చెప్పినవాళ్లు?"

రెండు సైట్ల పేర్లూ చదివాను.

"వాళ్లకెవరు చెప్పారురా?"

"చూసి చెబుతా" అని పక్క గదిలోకి వెళ్లాను. రెండో సైటు తెరిస్తే కింద మొదటి సైటు పేరుంది. మొదటి సైటు తెరిస్తే కింద, సన్న అక్షరాల్లో, మా బ్లాగు పేరుంది. ఎవరూ వాడని ఆ పేరు. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, పట్టీలో వేసిన ఆ మాట చెరిపేయడం. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. చెరిపితే నా దగ్గరే పోతుంది గానీ ఆ రెండు చోట్లా అలాగే ఉంటుందని చెరిపాక గుర్తొచ్చింది.

బయటికెళ్లి వీధి చివరి దాకా నడిచాను. మేనేజరు తప్పు లేదా? ఉంది. రిజిస్టరు తప్పు లేదా? ఉంది. ఎవరూ అడగనిది నేనెందుకు చెప్పాలి? ఇంటి దాకా ఇదే పాట. లోపలికి రాగానే అక్క నా చెప్పుల చప్పుడు విని, "కూర్చో" అంది. మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. అలా కూర్చుంటే మా ఇద్దరి మొహాలూ ఎదురుబొదురుగా వచ్చాయి. ఆవిడ ఎడమకన్ను నన్నే చూస్తోంది. అంతా చెప్పేశాను. పట్టీ గురించి కూడా.

"ఆ రోజు నిన్ను అడిగాను కదరా."

"అడిగావు."

"ఏమన్నావు?"

"అడుగుతుందిలే అన్నాను."

అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆవిడ ముక్కు చివరి నుంచి ఒక చుక్క నేల మీద పడింది. కంటి మందా, కన్నీరా అని అడగలేదు.

"రాయి. మన పేజీలో, అన్నిటికన్నా పైన" అంది.

గంట సేపు కూర్చుని రాశాను. వాచ్‌మన్ ఫోను, పట్టీ, రెండు సైట్లు, ఐదూ పది. "ఈ వార్త చూసి చనిపోయినాయన భార్య ఐదుంబావుకి గేటు దగ్గరి నుంచి వెళ్లిపోయారు. అందువల్ల వెతకడం ఆగింది." అన్నీ దాచకుండా రాశాననే అనుకున్నాను. అక్కకి చదివాను.

"చెప్పినవాళ్లెవరు?" అంది.

"నేనే కదక్కా. నా తప్పు నేను చెప్పుకోడానికి రెండో నోరెందుకు?"

"నీ తప్పులో సగమే నీ దగ్గరుంది. ఐదుంబావుకి వెళ్లిందని నీకెవరు చెప్పారు? నీ వార్త చూసే వెళ్లిందని ఎవరు చెప్పారు?"

"పేపర్లో..."

"పేపరుకెవరు చెప్పారు?"

నేను కాగితం మడిచాను.

"వెళ్లి అడుగు" అంది అక్క. "ఫోన్ చెయ్యకు. మనిషివి వెళ్లు."

వాళ్ల ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద ఒకతను మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కనుంచి వెళుతుంటే జరిగి దారిచ్చాడు. డ్యూటీ మార్చుకున్న ఆ తోటి డ్రైవరు అతనే. రోజూ వచ్చి అక్కడే కూర్చుంటున్నాడట, పైకి రాడు, ఇంటికీ పోడు. నాకూ అతని పక్కన కూర్చుండిపోవాలనిపించింది.

ఆమె తలుపు తీసింది. నలభై లోపే ఉంటుంది వయసు. మనిషి శుభ్రంగా, తల దువ్వుకుని ఉంది. గొంతు మాత్రం పూర్తిగా బొంగురుపోయింది.

"అక్క బ్లాగు నుంచి వచ్చానమ్మా. ఆవిడ తమ్ముణ్ణి."

"అక్కకి కన్ను ఎలా ఉంది?" అంది ఆమె. "ఆపరేషనని ఆయన చెప్పారు. రోజూ చదివేవారు. బ్రేకులో ముందు అదే."

ఆ మాట విన్నాక గోడ పక్కన స్టూలుంటే దాని మీద కూర్చున్నాను. వంటగది కనిపిస్తోంది. పొయ్యి పక్కన ఒక వెడల్పాటి గిన్నె బోర్లించి ఉంది. నేను రాసుకొచ్చిన కాగితం తీసి, చదవాలా, చెప్పాలా అని తడబడి, చివరికి చదివాను. పట్టీ ఏమిటో, ఫీడు ఏమిటో ఆమెకి అర్థమయ్యేలా మధ్యలో ఆపి చెప్పాను. ఆ రెండు నోళ్లూ నావేనని చెప్పాను.

అంతా విన్నాక అడిగింది. "అంటే ఎవరూ చూసి చెప్పలేదా?"

"లేదమ్మా."

"ఒక్కరు కూడా?"

"లేదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. క్షమిస్తుందని అనుకోలేదు, క్షమించనూ లేదు. ఈ రోజుకీ క్షమించలేదు.

"ఇది మీ పేజీలో వేస్తారా?"

"వేస్తాం. కానీ రెండో నోరు ఉంటేనే వేయాలని అక్క అంది. మీరు... అందులో ఉన్నది నిజమో కాదో మీరు చెప్పాలి."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివింది. ఇన్నేళ్లు ప్రూఫులు దిద్దాను గానీ, ఎవరూ అంత జాగ్రత్తగా చదవడం నేను చూడలేదు. ఒకచోట వేలు ఆగింది.

"ఇది తప్పు."

"ఏదమ్మా?"

"ఐదుంబావుకి నేను వెళ్లలేదు. మీ వార్త నాకు చూపించింది ఐదుంబావుకి. నేను వెళ్లింది ఆరింటికి." బొంగురు గొంతు ఇంకా కిందికి దిగింది. "నమ్మాను. అక్క బ్లాగులో ఉత్తినే రాయరు కదా. నమ్మాను గానీ కాళ్లు రాలేదు. ముప్పావుగంట అక్కడే ఉన్నాను. వెనకవైపు, మూడో గది గోడ దగ్గరికి వెళ్లి పిలిచాను. అది మందం గోడ, లోపలికి ఏమీ వినపడదని ఆయనే చెప్పేవారు. అయినా పిలిచాను. ఆ తర్వాతే ఆసుపత్రికి పోయాను."

నేను కలం తీశాను.

"ఇంటికొచ్చి నీళ్లు కాచాను. చలిలోంచి వస్తారు, చేతులు కొయ్యబారిపోయి ఉంటాయి. రోజూ ఆ గిన్నెలో వేడినీళ్లు పోస్తే పావుగంట చేతులు ముంచుకుని కూర్చునేవారు. చల్లారిపోతే మళ్లీ కాచాను. మూడుసార్లు కాచాను. మూడోసారి చల్లారాక బయల్దేరాను." ఆమె కాగితం నాకు తిరిగి ఇచ్చింది. "నీళ్ల సంగతి రాయకండి. అది నాది. ముప్పావుగంట మాత్రం రాయండి. వార్త చూడగానే వెళ్లిపోయానని ఎవరూ అనుకోకూడదు. మా అమ్మాయి పెద్దయ్యాక చదువుతుంది."

ఐదుంబావు కొట్టేసి పైన ఆరు అని రాశాను. పక్కన ఆమె చెప్పిన మాటలు రాశాను. ఆమె మళ్లీ చదివి తల ఊపింది. నేను లేచి చేతులు జోడించాను. ఆమె జోడించలేదు. తలుపు దాకా వచ్చి, "కింద అతన్ని ఇంటికి వెళ్లమనండి. అతని తప్పేం లేదు" అంది. నా గురించి ఆ మాట అనలేదు. అనకపోవడమే న్యాయం.

కింద అతనికి ఆ మాట చెప్పాను. "ఆవిడే అందా? మీరే కల్పించారా?" అన్నాడు.

"ఆవిడే అంది. నేను విన్నాను."

అతను లేచి గోడ పట్టుకుని వీధిలోకి నడిచాడు.

ఇంటికొచ్చి ముందు నలభై ఒక్క ఫీడ్లూ తీసేశాను, పట్టీ కూడా. ఆ తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చుని, మార్చిన కాగితం అక్కకి చదివాను. నీళ్ల సంగతి అప్పుడు అందులో లేదు, అక్కకీ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత ఇది రాస్తూ మళ్లీ వెళ్లి ఆమెను అడిగితే, "ఇప్పుడు రాయండి" అంది, అందుకే ఇక్కడ రాశాను.

అక్క కళ్లు మూసుకుని విన్నది. చివరి వరుస చదివాను.

"చెప్పినవాళ్లు: ఈ తప్పు చేసిన మనిషి, చనిపోయినాయన భార్య."

"ఆ ముప్పావుగంట సంగతి ఆమెకెవరు చెప్పారు?" అంది అక్క. అలవాటు కొద్దీ వచ్చిన ప్రశ్న.

"ఎవరూ చెప్పలేదక్కా. ఆమె అక్కడే ఉంది."

అక్క చెయ్యి కిందికి చాపి, తడుముకుని, నా చెయ్యి పట్టుకుంది. "పెట్టు" అంది.

పెట్టాను.